రాజుగారి ఒంటి మీసం

వెనకటికి మేఘపట్నాన్ని ప్రచండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. "మా రాజ్యంలో ఎవరైనా ఏ మాటైనా చెప్పవచ్చు. నోరు విప్పినందుకు నేనెవరినీ శిక్షించను" అని కొలువులో రోజూ గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ ఏడు ఆయన ఏటికి కొత్త కరకట్ట పోయించాడు. సంబరం నాడు అందరూ ఆహా ఓహో అంటుంటే, మట్టిపని చేసే నూకాలు ముందుకొచ్చింది.

"మారాజా, ఈ కట్టలో సగం ఇసకే. మొదటి వరదకే తెగుతుంది. దిగువ వాడలన్నీ మునుగుతాయి" అంది.

రాజు ముఖం ముడుచుకున్నాడు. అయినా మాటకు కట్టుబడి ఆమెను పల్లెత్తు మాట అనలేదు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. మర్నాటి నుంచి నూకాలును ఎవరూ పనికి పిలవలేదు. పొరుగువాళ్లు పొయ్యిలోకి నిప్పివ్వలేదు. బావి దగ్గర ఆడవాళ్లు పక్కకు తప్పుకున్నారు. "తప్పయిపోయిందని రాజుగారి కాళ్లు పట్టుకోవే అక్కా" అని సొంత చెల్లెలే బతిమాలింది.

"కట్టలో ఇసక ఉన్నంతకాలం నా మాట ఇదే" అంది నూకాలు.

ఈ సంగతి ఆస్థాన విదూషకుడు కొండుభట్టు రాజుకు విన్నవించాడు.

"నేనేమైనా వెలివేయమన్నానా? జనం మాట్లాడకపోతే అది వాళ్లిష్టం" అన్నాడు రాజు.

"నిజమే ప్రభూ. నూకాలు అన్న మాటే మీరు మారువేషంలో ఊళ్లో ఒక్కసారి అని చూడండి."

రాజుకు పౌరుషం వచ్చింది. ఎడ్ల బేరగాడిలా తలపాగా చుట్టుకుని భట్టుతో సంతకు వెళ్లాడు. మంగలి ముందు కూర్చుని మీసం తీసెయ్యమన్నాడు. ఒకవైపు పూర్తయ్యాక, "కరకట్టలో అంతా ఇసకేనటగా?" అన్నాడు.

మంగలి కత్తి ఆగిపోయింది. "లేవయ్యా బాబూ, లే! పిల్లలు గలవాణ్ణి" అంటూ పొది సర్దుకుని పోయాడు. మజ్జిగమ్మే ఆమె కుండకు మూత పెట్టేసింది. చూస్తుండగానే చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు.

కోటకు రాగానే రాజు మిగిలిన మీసం కూడా తీయించబోతే భట్టు ఆపాడు. "ఇలాగే కొలువుకు రండి ప్రభూ. ఇంకో వింత ఉంది."

కొలువులో రాజును చూసి ఒక్కరూ తడుముకోలేదు. "ఏమి ఠీవి!" అన్నాడు సేనాపతి. "రేపు నేనూ ఇలాగే కత్తిరించుకుంటాను" అన్నాడు మంత్రి.

భట్టు నూకాలును ముందే పిలిపించి ఉంచాడు. "ఏమమ్మా, ప్రభువుల మీసం ఎలా ఉంది?"

"ఒకవైపు ఉంది, ఒకవైపు లేదు. అదీ తీసెయ్యండి మారాజా, చూసినవాళ్లు నవ్వుతారు."



"ప్రభూ, మీరు శిక్షించనన్నారు. ఆ పని మీ బదులు ఊరే చేసిపెడుతోంది" అన్నాడు భట్టు. "మీ ముఖంమీది మీసం సంగతే మీకు చెప్పలేనివాళ్లు, కట్ట సంగతి చెబుతారా?"

రాజు అద్దం తెప్పించి చూసుకున్నాడు. పగలబడి నవ్వాడు. "భట్టూ, ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"ఊరంతా చూస్తుండగా నూకాలు ఇంటికి నడిచివెళ్లి, ఆమె చేత్తో ఇచ్చిన నీళ్లు తాగండి. అదే నాకు బహుమానం."

రాజు అలాగే వెళ్లాడు. వాడంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. నూకాలు ఇచ్చిన చెంబెడు నీళ్లూ గటగటా తాగి, కట్ట పనికి ఇకనుంచి ఆమే పెద్ద అని అక్కడికక్కడే చాటించాడు.

"దాహం తీరిందిగా, పదండి మారాజా. వానలకు ఇంకా ఇరవై రోజులే" అంటూ నూకాలు పలుగు భుజాన వేసుకుని ముందు నడిచింది. రాజు నవ్వుకుంటూ ఆమె వెనక నడిచాడు. ఆయన వెనక, తట్టలు పట్టుకుని, వాడంతా కదిలింది.