ఓడిపోయినాయన సామాను

తాటిగెడ్డవలసలో దాలినాయుడు, గవరయ్య, ఎర్రయ్య అని ముగ్గురు అన్నదమ్ములుండేవారు. ఉండేవారేమిటి, ఇప్పటికీ నిక్షేపంలా ఉన్నారు. ఊళ్ళో తెలివైనవాళ్ళెవరని ఇంకెవరినైనా అడిగితే ఆలోచిస్తారుగానీ, ఈ ముగ్గుర్నీ అడిగితే ఠక్కున ఒకరినొకరు చూపించుకుంటారు.

"మన తెలివేటో తెలుసా? ఎవులే మాట సెప్పినా, ఆళ్ళు సెప్పింది సెప్పినట్టే అర్థం సేసుకుంటాం. మన సొంత పైత్యం కలపం" అని పెద్దవాడు దాలినాయుడు టీకొట్టు దగ్గర గొప్పలు పోతుంటే, తమ్ముళ్ళిద్దరూ మెడలు నొప్పెట్టేలా తలలూపేవారు.

నిజమే, కలపరు. ఒకసారి పక్కూరి పెళ్ళికి వెళ్తే పెళ్ళికూతురి తండ్రి చేతులు జోడించి, "మొహమాటపడకండి, ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. అంతే. గవరయ్య అనేసుకున్నాడు. పంచె ఎగ్గట్టి, "మా ఇంట్లో ఇంత జనవేటి? ఎవుల్రా మీరంతా? నడండి, నడండి" అని పెళ్ళివారిని మొత్తం బయటికి తోలి తలుపేసుకున్నాడు. పెళ్ళికొడుకు చెప్పుల్లేకుండా వీధిలో నిలబడ్డాడు పాపం. ఆ పెళ్ళి తర్వాత ఎలా జరిగిందో నన్నడక్కండి.

ఆ ఇంట్లో తెలివి అనేది ఏమైనా ఉంటే అదంతా దాలినాయుడి పెళ్ళాం తవిటమ్మ దగ్గరుంది. ముగ్గురు మగాళ్ళని, రెండెడ్లని, ఉయ్యాల్లో పసిపిల్లని ఆవిడే నెట్టుకొస్తోంది. పిల్ల పేరు మహాలక్ష్మి. ఎన్నో మొక్కులు మొక్కితే పుట్టింది. ఆ పిల్ల తుమ్మితే తవిటమ్మకి జ్వరం వచ్చేది.

ఇలా ఉండగా దేశానికి ఎన్నికలొచ్చాయి. ఢిల్లీలో ఎర్రయ్య పుట్టకముందు నుంచీ ఒకటే పార్టీ. ఆ ఊరికి ఎంపీ కూడా ఆ పార్టీ తరఫున ఎప్పుడూ వీరభద్రరాజు గారే. ప్రభుత్వమంటే ఊరవతల కొండలాంటిదనీ, అది అక్కడే ఉంటుందనీ అన్నదమ్ముల నమ్మకం.

వీరభద్రరాజు గారు జీపు మీద ఓట్లడగడానికొచ్చి, సరిగ్గా వీళ్ళ గుమ్మం ముందే ఆగారు. మైకు అందుకున్నారు.

"ఈ ఇంట్లో వెలిగే బల్బు ఎవరిది? మాది! ఈ వీధిలో బోరింగు ఎవరిది? మాది! ఈ ఇంటి మీద రేకులెవరివి? మావి!"

అనుచరులు ఈలలేశారు. ఆయనకి ఇంకా ఊపొచ్చింది. తవిటమ్మ చంకలోంచి పిల్లని అందుకుని పైకెత్తి, "ఈ పాప పుట్టింది ఎవరి ఆసుపత్రిలో? మా ఆసుపత్రిలో! ఈ పాప కూడా మాదే!" అని ముద్దుపెట్టుకున్నారు. ఫోటో తీశారు. ఫోటో పూర్తయ్యేలోగా మహాలక్ష్మి ఆయన ఖద్దరు చొక్కా తడిపేసింది. ఆయన నవ్వు మాత్రం చెదరలేదు. అన్నేళ్ళ అనుభవం మరి.

మర్నాడు అవతలి పార్టీ సుగుణాకరరావు గారొచ్చారు. ఆయనకి చూపించడానికి బల్బులూ రేకులూ లేవు. అందుకని గుండె మీద చెయ్యేసుకుని, "మమ్మల్ని ఒక్కసారి గెలిపించండి. ఆ రోజు నుంచి మీ కష్టాలన్నీ మావి!" అన్నారు.

అన్నదమ్ములు ఇద్దరి మాటలూ శ్రద్ధగా విన్నారు. విన్నవి విన్నట్టే దాచుకున్నారు.

ఓట్ల రోజున ఆఫీసరుగారు, "మీ ఓటు ఎవరికేశారో ఎవరికీ తెలియకూడదు" అని చెప్పారు. ఇంకేముంది, ముగ్గురూ కళ్ళు గట్టిగా మూసుకుని మీట నొక్కి వచ్చేశారు.

"ఎవులికేసినావ్ మావా?" అంది తవిటమ్మ.

"ఎవులికీ తెలకూడదన్నారు కదేటి? నాకూ తెల్దు" అన్నాడు దాలినాయుడు గర్వంగా.

ఫలితాలొచ్చిన రోజు టీకొట్టు టీవీ ముందు ఊరంతా చేరింది. మధ్యాహ్నానికల్లా తేలిపోయింది. అన్నేళ్ళ ప్రభుత్వం పోయింది. వీరభద్రరాజు గారూ సుగుణాకరరావు గారి చేతిలో ఓడిపోయారు. కుర్రాళ్ళు బాణసంచా కాల్చారు. కొందరు ఏడ్చారు. కొందరు ఉదయం ఏడ్చి సాయంత్రం బాణసంచా కాల్చారు. మన ముగ్గురు మాత్రం దిగులుగా ఇంటికొచ్చి కూలబడ్డారు.

"అన్నియ్యా, రాజుగారు ఎలిపోతారు కదా. మరి ఆయన సామాను మనింట్లో ఉండిపోయిందేటి?" అన్నాడు గవరయ్య.

దాలినాయుడు చటుక్కున లేచి నిలబడ్డాడు. "నిజవేరా! ఓడిపోయినోడి సొమ్ము దాసీసుకున్నారని లోకం అనదూ? ఇచ్చీయాల!"

తవిటమ్మ పొద్దున్నే ఉపాధి పనికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "పిల్ల మీంచి సూపు తియ్యకండి" అని మరీ చెప్పి వెళ్ళింది. ఆ పని ఎర్రయ్యది. అతను పొద్దుట్నుంచీ, టీకొట్టుకి కూడా చంకనేసుకెళ్ళి మరీ, రెప్ప వెయ్యకుండా పిల్లనే చూస్తున్నాడు. చూస్తూ నడిచి గోడకి గుద్దుకున్నాడు, చూస్తూ తిని ముద్ద చెవిలో పెట్టుకున్నాడు. అయినా చూపు తియ్యలేదు.

ముందు బల్బు ఊడదీశారు. తర్వాత బోరింగు మీద పడ్డారు. ఎంత లాగినా భూమిలోంచి రాలేదు. "మిగతాది ఆయనే పట్టుకెల్తాడు" అని పిడి ఊడదీసి బండిలో వేశారు. బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు. తర్వాత ఇంటెక్కి రేకులు ఒక్కొక్కటే దింపారు. పైన నల్లటి మబ్బు పట్టి ఉంది. రేకులు దింపుతుంటే ఆ మబ్బు ఇంట్లోంచే బాగా కనిపించింది.

"అయిపోయినాయేటి?" అన్నాడు గవరయ్య.

ఎర్రయ్య చూస్తూనే ఉన్న ఉయ్యాల వైపు మిగతా ఇద్దరూ చూశారు. మహాలక్ష్మి బోసినోటితో నవ్వింది. దాలినాయుడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎంతైనా కన్నతండ్రి.

"ఆయనదేరా. ఊరందరి ముందూ మైకులో సెప్పినాడు" అని వెక్కుతూ పిల్లని ఎత్తుకున్నాడు. బండి కదిలింది.

పట్నంలో వీరభద్రరాజు గారి బంగళా ముందు నిన్నటిదాకా నడవడానికి సందుండేది కాదు. ఇవాళ పిల్లి కూడా లేదు. ఆయన వరండాలో ఒంటరిగా కూర్చున్నారు. బండి లోపలికి రావడం చూసి గబగబా మెట్లు దిగొచ్చారు.

"అందరూ పోయారు! మీరొక్కరే వచ్చారా నాయనా!" అన్నారు.

"రాకెలా ఉంటాం బావూ" అని దాలినాయుడు సామాను దింపడం మొదలుపెట్టాడు. "ఇదిగో మీ బల్బు. ఎలుగుతాది, సూసుకోండి. ఇది మీ బోరింగు పిడి. ఇయి మీ రేకులు. సిల్లులు మేం పెట్టినవి కావు, ముందునుంచీ ఉన్నాయి." ఆఖరికి ముక్కు ఎగబీల్చి, పిల్లని ఆయన చేతుల్లో పెట్టాడు. "ఇది మీ పాప. ఆకలేస్తే ఏడుస్తాది. వీపు నిమిరితే పడుకుంటాది."

మహాలక్ష్మి ఆయన్ని గుర్తుపట్టినట్టుంది. చొక్కా మళ్ళీ తడిపేసింది.

"ఒరే, ఇవన్నీ నాకెందుకురా?"

"మావే అన్నారు కదా బావూ, మీరే."

"ఏదో ఓట్ల కోసం అంటాంరా!"

దాలినాయుడు, గవరయ్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అంటే అబద్ధవేటి?" అన్నాడు గవరయ్య. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు.

అప్పుడే తవిటమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. పనినుంచి ఇంటికొచ్చేసరికి కప్పులేని ఇల్లు, పిల్లలేని ఉయ్యాల. బండి రాజుగారి బంగళాకి వెళ్ళిందని వీధివాళ్ళు చెప్పాక, పనిబట్టలతోనే పట్నందాకా పరిగెత్తింది. వస్తూనే పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుంది.

"సూపు తియ్యనేదు ఒదినా" అన్నాడు ఎర్రయ్య పిల్లనే చూస్తూ.

"నోరుముయ్! పదండి ఇంటికి. అన్నీ ఎక్కించండి!"

"తప్పే! ఇయి ఆయనయి. ఆయన సెప్పినాడు" అన్నాడు దాలినాయుడు. ఇద్దరు తమ్ముళ్ళూ అతనికి అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు. "పిల్ల కూడా."

టపటపా చినుకులు మొదలయ్యాయి. వాళ్ళ సంగతి తవిటమ్మకి తెలుసు. ఏడ్చినా తిట్టినా వినరు. చెప్పినవాడే మళ్ళీ చెప్పాలి. అందుకని రాజుగారి వైపు తిరిగింది.

"బావూ, ఆ రోజు మైకులో ఒక మాటన్నారు. ఇయాల మైకు లేకుండా ఇంకో మాటనండి. ఇయన్నీ ఎవులివో సెప్పండి."

ఆయన బల్బు వైపు చూశారు. రేకుల వైపు చూశారు. తల్లి భుజం మీద పిల్లని చూశారు. అన్నేళ్ళలో ఎన్ని వేల సభల్లో మాట్లాడారో, ఈ చిన్న మాట మాత్రం ఎప్పుడూ అనలేదు. నోరు తిరగడానికి కాస్త సమయం పట్టింది.

"మీవేనమ్మా. అన్నీ మీవే. మొదట్నుంచీ మీవే."

"అలా సెప్పండి మరి!" అని అన్నదమ్ములు ఎగిరి గంతేశారు. క్షణంలో రేకులు బండెక్కాయి. దాలినాయుడు పిల్లని ముద్దులతో ముంచేశాడు.

తిరుగుదారిలో వాన కుండపోతగా పట్టుకుంది. తవిటమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని, రేకు నెత్తిన పెట్టుకుని కూర్చుంది. ఇంటికెళ్ళి కప్పు వెయ్యాలి, బోరింగు పిడి బిగించాలి, వీధి ఆడవాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి. ఆవిడకి దుఃఖం ఆగలేదు.

"నాకు యేరే కష్టాలెందుకు? నా కష్టాలంటే మీరు ముగ్గురే!"

అన్నదమ్ములు ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. తర్వాత ముగ్గురి మొహాలూ మెల్లగా వెలిగాయి.

వాన వెలిశాక బుద్ధిగా రేకులు కప్పారు, పిడి బిగించారు. తెల్లారి తవిటమ్మ లేచేసరికి ముగ్గురూ లేరు. వాళ్ళ చాపలు కూడా లేవు.

అప్పటికే వాళ్ళు సుగుణాకరరావు గారి ఇంట్లో, చాపచుట్టలు చంకన పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఇల్లంతా దండలు, బొకేలు, లడ్డూ డబ్బాలు. అభినందించడానికి వచ్చిన జనం గేటుదాకా ఉన్నారు. నిన్నటిదాకా వీరభద్రరాజు గారి బంగళాలో ఉన్నవాళ్ళే సగానికి పైన.

"బావూ, కష్టాలన్నీ మీవే అన్నారు కదా. మా ఇంటిదాని కష్టాలు మేవే. ఒచ్చీసినాం" అన్నాడు దాలినాయుడు. "ఎక్కడ పడుకోమంటారు?"

జనం గొల్లున నవ్వారు. సుగుణాకరరావు గారు మంచి హుషారులో ఉన్నారు. కెమెరాలు కూడా ఉన్నాయి. ముగ్గురి భుజాల మీదా చేతులేసి, "ఎక్కడ పడుకోవాలని నన్నడుగుతారేంటయ్యా? మొహమాటం వద్దు. ఇది మీ ఇల్లే అనుకోండి!" అన్నారు.

అంతే. గవరయ్య చాపచుట్ట కిందపెట్టి, పంచె ఎగ్గట్టాడు.

కాసేపటికి జనమంతా రోడ్డు మీదున్నారు. ఇంటి గేటుకి లోపల గొళ్ళెం పడింది. మెడలో దండలతో, చెప్పుల్లేకుండా, కొత్త ఎంపీగారు బయట నిలబడి తన గేటు తనే తడుతున్నారు.

"ఎవుల్రా అది?" అంటున్నాడు లోపల్నుంచి గవరయ్య. "ఓట్లయిపోయినాయి. ఇంకేటి కావాల?"