గవ్వ ఆవులింత

తమ్ముడు ఏడో ఎక్కం తప్పితే చుట్టాలందరి ముందూ పకపకా నవ్వావే, అది తప్పు. వాడు నీళ్ళు నమిలింది ఎక్కం రాక కాదు, నువ్వు నవ్వుతావని. ఇటు తిరుగు. కాళ్ళు ముడుచుకో. విను.

అనగనగా గొర్రెల కాపరుల ఊరు ఒకటి. ఎండాకాలం వస్తే మందలన్నీ కలిసి పచ్చిక కోసం దూరం పోతాయి. పోయే ముందు కుక్కలకు పోటీ పెడతారు. ముళ్ళకంచె దూకాలి. అడుగులేని బుట్టల వరసలోంచి దూరి రావాలి. బండ మీద అడ్డంగా పెట్టిన దూలం ఎక్కి, అది అటు ఒరిగితే అటు దిగాలి. యజమాని పిలవొచ్చు గాని ముట్టుకోకూడదు. మూడూ దాటిన కుక్క ఉంటేనే మందను వెంట రానిస్తారు.

ఆ ఊళ్ళో ఓదెలు అని ఒక కాపరి. వాడి నోరు పెద్దది, చెయ్యి అంతకంటే దురుసు. వాడికి రెండు కుక్కలు. చిన్నదాని పేరు గవ్వ. కంచె లేడిలా దూకేది. బుట్టల్లోంచి ఉడతలా వచ్చేది. దూలం దగ్గరే ఆగిపోయేది. మొదటిసారి ఎక్కినప్పుడు దూలం ఆ చివర దబ్బున నేలకు కొట్టుకుంది, గవ్వ బెదిరిపోయింది. ఆ తర్వాత దూలం కనబడితే చాలు, నోరంతా తెరిచి ఆవులించేది, ముక్కు నాక్కునేది, ముఖం తిప్పుకునేది.

బద్ధకం అనుకున్నాడు ఓదెలు. పస్తు పెట్టాడు. తాడు కట్టి లాగాడు. పోటీ నాడు జనం నవ్వితే కర్రతో కొట్టి, ఇక నా గడప తొక్కకని తరిమేసి, పెద్దకుక్కతో మందను తోలుకుపోయాడు.

అప్పుడు ఊళ్ళో మిగిలింది కొమురవ్వ. ముసలిది, ఒంటరిది. పన్నెండు గొర్రెలు, కుక్క లేదు. అందుకని ఆమెను ఎవరూ రానివ్వలేదు. ఆ ఎండల్లో మూడు గొర్రెలు మేత లేక చచ్చిపోయాయి. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే మందే ఉండదు.

ఆమె గవ్వను చేరదీసింది. ఆవులింత చూసి, ఇది నిద్ర కాదు, భయం అని పోల్చుకుంది. మొదట దూలాన్ని నేల మీద పెట్టి, దాని మీద తాను కూర్చుని, కుక్కకు వీపు పెట్టి రొట్టె తింది. పిలవలేదు. నాలుగో రోజుకు గవ్వే వచ్చి పక్కన కూర్చుంది, రొట్టెముక్క దొరికింది. ఆ తర్వాత దూలాన్ని బండ మీద పెట్టి, చప్పుడు కాకుండా చివర కింద గొంగడి మడతలు వేసింది. ఆ తర్వాత రోజుకొక మడత తీసేసింది. గవ్వ ఆవులించిన రోజు పని అక్కడితో ఆపేది.

ఏడాది తిరిగింది. మళ్ళీ పోటీ. గవ్వ కంచె దూకింది, బుట్టలు దాటింది, జనాన్ని చూసి దూలం దగ్గర ఆవులించింది.

"అత్తా, దానికి దూలం ఎందుకు, మంచం వెయ్యి," అన్నాడు ఓదెలు. అందరూ నవ్వారు.

 కొమురవ్వ అరవలేదు. దూలం అవతలికి నడిచి, వీపు పెట్టి కూర్చుని, కొంగున కట్టిన రొట్టె విప్పింది.

"తొందరేం లేదు తల్లీ. నేను ఇక్కడే ఉంటా."

నవ్వులు సద్దుమణిగాయి. గవ్వ ఒక కాలు పెట్టింది. ఇంకో కాలు పెట్టింది. దూలం దబ్బుమంది. చెవులు కదిలాయి, కాళ్ళు ఆగలేదు. దిగి వచ్చి అవ్వ ఒళ్ళో గడ్డం ఆనించింది.

అప్పుడు ఓదెలు అడ్డం వచ్చాడు. అది నా కుక్క, ఇచ్చెయ్యమన్నాడు. అయితే పిలువు, వస్తే తీసుకుపో అన్నారు పెద్దలు. మూడుసార్లు పిలిచాడు. మొదటిసారికి గవ్వ ఆవులించింది. రెండోసారికి ముక్కు నాక్కుంది. మూడోసారికి ముఖం తిప్పుకుంది.

ఆవులింత బద్ధకం కాదని, గవ్వ దూలం కంటే తనకే ఎక్కువ భయపడుతోందని ఓదెలుకు అప్పుడు తెలిసింది. అందరికీ తెలిసింది.

కొమురవ్వ మంద పచ్చికకు పోయింది. ఆ ఊళ్ళో కుక్కపిల్లను కొనరు, అమ్మరు. మంచి చేతుల్లో పెడతారు. ఓదెలు పెద్దకుక్క ముసలిదై చచ్చిపోయాక వాడు ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. ఒక్కరూ పిల్లను ఇవ్వలేదు. కుక్క లేని మందను ఎవరూ వెంట రానివ్వలేదు. ఏటేటా అందరూ పోతుంటే, వాడు ఎండిన బీడులో తన గొర్రెల వెనక తానే పరిగెత్తాడు, గొంతు పోయేదాకా.

కథ కంచి దారి పట్టె,
కన్ను నిదర దారి పట్టె.