పదునొకండవ వార్డునకు నీరు తెచ్చిన తీర్మాన పఠన వ్రత కథ

శ్రీ పురమంగళాదేవికి నమస్కరించి, అక్షింతలు చేతబట్టి, కబుర్లు కట్టిపెట్టి వినుడు.

పూర్వమొకప్పుడు గౌతమీ తీరమందలి మారేడువనమున మునులందరు కూడియుండగా, శాంతశీలుడను ముని లేచి, ఉగ్రతపుడను పెద్ద మునికి మ్రొక్కెను. కలియుగమున పట్టణవాసులు త్రాగు నీటికి, వీధి దీపమునకు, మురుగుకాలువకు పురపాలక సంఘమను సభను నమ్ముకొని బ్రతుకుదురనియు, ఆ సభవారు తామేమి చేయుచున్నారో తామే యెరుగక చేతులెత్తినచో ఆ జనుల గతి యేమనియు, ఆ దోషము పోగొట్టు వ్రతమేదైన కలదా యనియు అడిగెను. ఉగ్రతపుడు పేరుకు తగినట్లే ముక్కోపి. "ఇన్నాళ్ళకు అడగవలసిన ప్రశ్న అడిగితివి. నడుమ లేచి పోవువారెవరైన నున్నచో ఇప్పుడే పొండు" అని అందరిని కసరి, ఇట్లు చెప్పసాగెను.

మణిగిరి యను చిన్న పట్టణము కలదు. దానికి ఇరువదినాలుగు వార్డులు, ఇరువదినలుగురు సభ్యులు, వారిలో పెద్దయైన పెదపాటి సూరిబాబు అను ఛైర్మను నుండిరి. నెలకొకసారి సభ కూడును. కామేశమను గుమాస్తా అజెండా పట్టుకొని "ఒకటో అంశం" అనును. సభ్యులు చేతులెత్తి "ఆమోదం" అందురు. "రెండో అంశం" అనును. "ఆమోదం" అందురు. ఆ అంశములో ఏమున్నదో చదువుట ఆ సభలో ఆచారము కాదు. వెనుక గదిలో మిరపకాయ బజ్జీలు వేగుచుండగా చదువు ఎవరికి కావలెను? నలుబదియొక్క అంశములు ఏడు నిమిషములలో ముగిసెడివి. అంత వేగముగా పని జరుగు సభ జిల్లాలో మరియొకటి లేదని వారు గొప్పలు కూడ చెప్పుకొనెడివారు. సిగ్గులేకపోయిన సరి!

ఆ సభలో పదునొకండవ వార్డు సభ్యురాలు పంపన నరసాయమ్మ. భర్త పోయిన పిదప మిషను కుట్టి పిల్లలను పెంచినది. నలుబదేండ్లు దాటిన తరువాత మనుమరాలి పలకపై అక్షరములు దిద్దుకొన్నది గనుక, ఏది చదివినను కూడబలుక్కొని చదువును. ఆ వార్డులో ఒక్క యింటికిని కుళాయి లేదు. వీధి కుళాయిలు తొమ్మిది, వాటిలో నీరు వచ్చునది ఉదయమున గంటసేపు. ఓట్లనాడు ఆమె ఇంటింటి గడప తొక్కి, తాను బ్రతికియుండగా ఆ కుళాయిలు ఒక్కనాడును ఆగవని చెప్పెను. ఆడవారందరు ఆ మాట నమ్మి గెలిపించిరి.

ఒక మాఘమాసమున సభ ఎప్పటివలెనే ఏడు నిమిషములలో ముగిసెను. ఆ పట్టణమును కాచు తల్లి పురమంగళాదేవి, వీరి తెలివి ఏపాటిదో చూతమని, ముగ్గుబుట్టవంటి తలతో, చేత కర్రతో, అవ్వ రూపమున గుమ్మము వద్ద నిలిచెను.

"ఏం బాబూ, ఇయ్యాల ఏం తీర్మానం చేశారు?" అని ఛైర్మనును అడిగెను.

"అభివృద్ధవ్వా, అంతా అభివృద్ధే. కాస్త పక్కకి జరుగు, బజ్జీలు చల్లారిపోతన్నాయి" అని సూరిబాబు లోనికి పోయెను.

అవ్వ మరి నలుగురిని అడిగెను. ఒకరు ఫోను చెవిన బెట్టుకొనిరి, ఒకరు చెప్పులు వెదకుకొనిరి. చివరకు నరసాయమ్మ తల వంచుకొని, "నాకూ తెలీదవ్వా. అందరూ ఎత్తారు, నేనూ ఎత్తాను" అనెను. దేవి ఆమె ముఖము చూచి, కర్ర తాటించుకొనుచు వెళ్ళిపోయెను.

వారము తిరుగకుండ పదునొకండవ వార్డునకు పనివాండ్రు వచ్చిరి. దీపము వేయుమన్నచో ఆరు నెలలు, గొయ్యి పూడ్చుమన్నచో సంవత్సరము పట్టు ఆ సంఘమునకు, తీసివేయు పనులలో మాత్రము ఎక్కడలేని చురుకు. ఒక్క పూటలో తొమ్మిది కుళాయిలను ఊడదీసి, గొట్టములకు కొయ్య బిరడాలు కొట్టి పోయిరి. ఆడవారు బిందెలు చంకనిడుకొని నరసాయమ్మ ఇంటి ముందు చేరిరి. ఆమె బిత్తరపోయి, పొరపాటు జరిగినదని, ఇప్పుడే కనుగొని వచ్చెదనని చెప్పి, కమిషనరు వద్దకు పరుగెత్తెను.

కమిషనరు మర్యాదస్థుడు. తీర్మానముల పుస్తకము తెప్పించి ఇరువది మూడవ అంశము చూపించెను. నాలుగు, ఏడు, పదునొకటి వార్డులలో ఇంటింటికి కుళాయిలు ఇచ్చినందున వీధి కుళాయిలు తీసివేయుటకు సభ ఏకగ్రీవముగా ఆమోదించినదని అందులో నుండెను. పండ్రెండుకు బదులు పదునొకటి అని ఎవరో పొరపాటున వ్రాసిరి. కాని క్రింద ఇరువదినలుగురి సంతకములు నుండెను, వాటిలో నరసాయమ్మ సంతకము కూడ నుండెను. చేసిన తీర్మానమును మూడు నెలలలోపల రద్దు చేయవలెనన్నచో సభ్యులలో సగమునకు మించి, అనగా పదుముగ్గురు, వ్రాసి ఇయ్యవలెనని ఆయన సెలవిచ్చెను.

ఆమె ఇంటికి వచ్చి ఉన్న మాట చెప్పెను. తోడికోడలు అచ్చియ్యమ్మ బిందె నేలకు కొట్టి, "పొరపాటేంటే? చెయ్యెత్తింది నువ్వు గదా! మా నోట్లో నీళ్ళు నీ చేత్తోనే తీసేశావే!" అని అరచెను. నరసాయమ్మకు తల కొట్టివేసినట్లయ్యెను. ఎవరో చేసిన అన్యాయమైనచో తిట్టి పోసియుండును. తన చేయి తానే ఎత్తినదాయె, ఎవరిని తిట్టును?

ఫాల్గుణము వచ్చెను, ఎండలు ముదిరెను. ఆ వార్డువారు రైలు గేటు అవతలి బోరింగు నుండి నీరు మోసికొనిరి. ముసలివారు ఒక్క బిందె తెచ్చుటకు మూడుచోట్ల దింపుకొనుచు వచ్చిరి. నరసాయమ్మ కాళ్ళరిగేటట్లు సభ్యుల ఇండ్ల చుట్టు తిరిగెను. సంతకము పెట్టినచో, తాము చదువకయే చేయెత్తితిమని ఒప్పుకొనినట్లగునని వారి భయము. ఒకరు రేపు రమ్మనిరి, ఒకరు ఊరిలో లేరని చెప్పించిరి. ఒక్క సంతకమును దొరకలేదు.

ఆమె విసిగి వేసారి, పురపాలక కార్యాలయపు మెట్లపై కూలబడి ఏడ్చుచుండగా, ఆ అవ్వయే వచ్చి ప్రక్కన కూర్చుండెను. "ఏడిస్తే కుళాయి రాదమ్మా, చదివితే వస్తుంది" అని, వ్రత విధానము చెప్పెను. సభనాడు తలస్నానము చేసి, తీర్మానముల పుస్తకమునకు పసుపు దారము చుట్టి, గత నెల తీర్మానములను ధ్రువీకరించు మునుపు, మొదటి అక్షరము నుండి చివరి అక్షరము వరకు బిగ్గరగా చదువవలెను. చదువు ముగియువరకు చేయి ఎత్తరాదు, ఏమియు తినరాదు. పిదప నానవేసిన సెనగలు అందరికి పంచవలెను. "నాకు గబగబా చదవటం రాదవ్వా, నవ్వుతారు" అని నరసాయమ్మ అనగా, "నవ్వనియ్యి. గబగబా చదివినోళ్ళు ఏం ఉద్ధరించారు గనక?" అని అవ్వ లేచి పోయెను.

తరువాతి సభలో కామేశము లేచి, "గత సమావేశం తీర్మానాల ధ్రువీకరణ" అనెను. చేతులు లేచెను. నరసాయమ్మ మాత్రము చేయి దించుకొని, పుస్తకము ఇమ్మని అడిగెను.

"ఎందుకమ్మా?" అని సూరిబాబు అడిగెను.

"చదవటానికండి."

"ఇప్పుడా? బజ్జీలు మూకుట్లోంచి తీసేశారమ్మా!"

"మీరు తినండి బాబూ. నాకు ఉపవాసం."

ధ్రువీకరించు మునుపు చదివి వినిపించుమని కోరు హక్కు సభ్యులకు కలదని కమిషనరు చెప్పుటచే సూరిబాబు చేయునదిలేక పుస్తకము ఇప్పించెను. ఆమె పుస్తకమునకు పసుపు దారము చుట్టి, కండ్లకద్దుకొని, చేతివ్రేలు అక్షరముల క్రింద నడపుచు, "ఒ-క-టో అం-శం" అని ఆరంభించెను. సభ్యులు ముసిముసి నవ్వులు నవ్విరి. అయిదవ అంశమునకు నవ్వులు ఆగి ఆవులింతలు వచ్చెను. తొమ్మిదవ అంశమున చేపల బజారును గాంధీనగరము మూడవ వీధి ఖాళీ స్థలమునకు మార్చుటకు ఆమోదమని చదువగా, సూరిబాబు కుర్చీలో నుండి ఎగిరిపడెను.

"ఏ వీధన్నావు? మూడో వీధా? ఓర్నాయనో! అది మా ఇంటి గోడ పక్క స్థలం! ఎవడు చేశాడీ తీర్మానం?"

"తమరేనండి" అని కామేశము నెమ్మదిగా చెప్పెను.

సభలో గుసగుసలు పుట్టెను. ఎనిమిదవ వార్డు మనిషి వచ్చి ఆమె భుజము మీదుగా తొంగిచూచెను. పదునారవ అంశమున తన వార్డు బడి ఎదుట చెత్త కుప్ప పోయుటకు తానే ఆమోదించినట్లు కనుగొని, "నా కొంప ముంచుకున్నాను గదరా" అని నెత్తి కొట్టుకొనెను. ఇరువది మూడవ అంశము వచ్చుసరికి ఎవ్వరి మొగమునను నవ్వు లేదు. నరసాయమ్మ తన వార్డు సంగతి చదివెను. అప్పుడు సూరిబాబే ముందు కలము తీసి, తన చేపల బజారుతోపాటు ఆమె కుళాయిలకును రద్దు కాగితముపై సంతకము చేసెను. పదుముగ్గురు కావలసినచోట పందొమ్మండ్రు చేసిరి. ఆమె గుండెలమీది బరువు దిగినట్లయ్యెను.

అంతట అందరు, "సరే తల్లీ, నీ పని అయింది గదా, ఇంక కట్టిపెట్టు" అనిరి. ఆమెకును ఆకలిగా నుండెను, కండ్లు తిరుగుచుండెను. మిగిలిన పదునెనిమిది అంశములు తన వార్డువి కావులే యని తలచి, పుస్తకము మూసి, సెనగలు పంచి, ఇంటికి పోయెను. అయ్యో, ఎంత పని చేసినది! అంత నిష్ఠతో మొదలుపెట్టిన మనిషి చివర ఇట్లు చేయునా? చదువకుండుట ఎట్టి దోషమో, సగము చదివి మూయుటయు అట్టి దోషమే.

మూడవ నాడు తొమ్మిది కుళాయిలు మరల బిగించిరి. ఆడవారు వాటికి బొట్టు పెట్టి, తెల్లవారకమునుపే బిందెలు వరుస పెట్టిరి. నీరు వచ్చు వేళ అయ్యెను, వేళ దాటెను. కుళాయిలు ఒక్క చుక్క రాల్చలేదు. అచ్చియ్యమ్మ ఈసారి అరవనైన అరవలేదు. ఖాళీ బిందె ఎత్తుకొని, మొగము త్రిప్పుకొని, రైలు గేటు దారి పట్టెను. ఆ అరవకపోవుట నరసాయమ్మను తిట్టుకన్న ఎక్కువ బాధించెను.

ఆమె నీళ్ళు వదలు వాల్వు మనిషిని పట్టుకొని నిలదీయగా, అతడు "నన్నేం చెయ్యమంటావమ్మా? మీ గంట ఇంకోళ్ళకి ఇచ్చేశారు, ముప్ఫై ఎనిమిదో అంశం చూసుకో" అని చెప్పెను. ఆమె కార్యాలయమునకు పోయి పుస్తకము చూడగా, వీధి కుళాయిలు లేనందున పదునొకండవ వార్డు నీటి వేళను క్రొత్త కల్యాణ మండపమునకు కేటాయించుటకు ఆమోదమని అందులో నుండెను. తాను పుస్తకము మూసినచోటికి పదునైదు అంశముల దూరములో ఆ మాట ఆమె కొరకు వేచియుండెను. "తల్లీ, ఆకలికి ఓర్వలేక వ్రతం చెడగొట్టాను. ఈసారి సభలో చివరిదాకా చదవకుండా మంచినీళ్ళు కూడా ముట్టను" అని చెంపలు వేసికొనెను.

ఎండలు మండిపోవుచున్నందున కమిషనరు అయిదు దినములకే అత్యవసర సభ పిలిపించెను. నరసాయమ్మ మరల స్నానము చేసి, మరల దారము చుట్టి, మరల మొదటి అంశము నుండి ఆరంభించెను. ఈసారి సభ్యులు కండ్లద్దాలు తెచ్చుకొని, తమ తమ ప్రతులలో వ్రేళ్ళు పెట్టుకొని కూడ చదివిరి. ఒకచోట ఆమె తడబడగా సూరిబాబే అక్షరము అందించెను. ముప్పది ఎనిమిదవ అంశము చదివి ఆమె తల ఎత్తునంతలో, ఎవరును అడుగకయే ఇరువదినలుగురు రద్దుకు సంతకములు చేసిరి. "ఇంక చాల్లెండి" అని ఒక్కరును అనలేదు. ఆమె మంచినీళ్ళు త్రాగకయే మిగిలిన మూడు అంశములు చదివి, చివరి చుక్కపై వ్రేలు పెట్టి, పుస్తకము మూసి కన్నులకద్దుకొనెను. అందరు ఒక్కసారి ఊపిరి పీల్చుకొనిరి. ఆ దినమున సభ మూడు గంటల ముప్పావు జరిగెను.

మరునాడు ఉదయమున పదునొకండవ వార్డు ఆడవారు బిందెలు తెచ్చిరి గాని వరుస పెట్టలేదు. వచ్చినచో చూతములే యని దూరముగా నిలిచిరి. కుళాయి మొదట గాలి వదలెను. పిదప ఖళ్ళున దగ్గి, తుప్పునీరు ఉమిసెను. నరసాయమ్మ ఊపిరి బిగబట్టి చూచుచుండెను. అంతలో బొటనవ్రేలు లావున తెల్లని ధార దుమికెను.

"వచ్చిందే! వచ్చిందే తల్లో!" అని కేకలు రేగెను. అచ్చియ్యమ్మ పరుగున వచ్చి మొదటి బిందె పట్టి, ఇంటికి తీసికొనిపోక, నిండు బిందెను నరసాయమ్మ నెత్తిన కుమ్మరించెను. "నీ ఇల్లు బంగారంగానూ, ఇంక మీదట చదివి ఎత్తవే చెయ్యి!" అని నవ్వుచు ఏడ్చెను. నరసాయమ్మ తడిచీరతో ఆ బురదలోనే కూర్చుండి, చేతులు జోడించి, అందరు చూచుచుండగా పెద్దపెట్టున ఏడ్చెను. నెల్లాళ్ళ దిగులు ఆ ఏడ్పుతో దిగిపోయెను.

కాబట్టి ఓయీ శాంతశీలా! ఈ వ్రతమును పురపాలక సభ్యులు, ఛైర్మనులు, పంచాయతీలవారు తప్పక చేయవలెను. బడి కమిటీలవారు, గుడి ధర్మకర్తలు, అపార్టుమెంటు కార్యదర్శులు చేయవలెను. "ఇక్కడ సంతకం పెట్టండి" అనగానే కలము తీయు ప్రతివాడును చేయవలెను. అట్లు చేసినవారి వీధిలో కుళాయి వేళకు వచ్చును, దీపము వెలుగును, కాలువ పారును, చెత్తబండి దినదినము వచ్చును, ఇరుగుపొరుగు ఎదురుపడి పలుకరింతురు. కూడబలుక్కొని చదువువారికి ఫలము రెట్టింపని దేవియే సెలవిచ్చెను. సగములో మూసినవారు మరల మొదటి నుండి చదువవలెను, వేరు ప్రాయశ్చిత్తము లేదు.

అని ఉగ్రతపుడు చెప్పగా మునులు సంతోషించిరి. ఇక అక్షింతలు దేవిపై కొన్ని, మీ తలలపై కొన్ని వేసికొనుడు. కథ వినుటకు ఎండన పడి వచ్చినవారికి ముందు మంచినీళ్ళిచ్చి, పిదప సెనగలు పంచుడు.