మేకపిల్ల జలుబు, నక్క వైద్యం

కొండవాలులో రంగడి దొడ్డి అని ఒకటుండేది. చుట్టూ తుమ్మకంప దడి, లోపల చిన్న పాక. అందులో ఆరు మేకలు, ఒక ముసలి గేదె, వాటికి కాపలాగా ఓ కుక్క. ఆ మేకల్లో కస్తూరి అనేదానికి తొలిచూలు పిల్ల పుట్టి ఇరవై రోజులైంది. ముసురు పట్టిన వారంలో ఆ పిల్లకి జలుబు చేసింది.

ముక్కు ఒకటే కారడం, తుమ్మడం. పాలు రెండు గుక్కలు తాగేసరికి ముక్కు మూసుకుపోయి ఊపిరాడక వదిలేయడం. తల్లికి కాలు నిలవలేదు. పాకలోంచి దడి దాకా, దడి నుంచి పాకలోకి తిరుగుతూనే ఉంది. పిల్ల ఏడిస్తే పడుకోబెట్టింది. పడుకుంటే ఊపిరి ఆడుతోందో లేదో అని లేపింది. కనబడ్డవాళ్లందర్నీ సలహా అడిగింది. ఒక మేక పొగ వెయ్యమంది, ఒకటి దిష్టి తగిలిందంది, ఇంకోటి తన పిల్లలకి ఇలాంటివేవీ రాలేదని చెప్పి వెళ్లింది. ఏదీ మనసుకి ఆనలేదు.

ముసలి గేదె నల్లమ్మ మాత్రం వస్తూనే పిల్ల పాలు తాగుతోందా అని అడిగింది. కొంచెం కొంచెంగా తాగుతోందని కస్తూరి చెప్పింది.

"అయితే కంగారు లేదమ్మాయ్. ఇది ఉత్త జలుబే. ముక్కు నాకి శుభ్రంగా ఉంచు. పొడిగడ్డి మీద నీ పొట్టకి ఆనించి పడుకోబెట్టుకో. ఒక్కసారే తాగలేదు గనక మాటిమాటికీ ఇస్తూ ఉండు. నాలుగైదు రోజుల్లో అదే పోతుంది."

పాలు బొత్తిగా మానేసినా, ఊపిరికి డొక్కలెగరేసినా వెంటనే తనకి చెప్పమంది. రంగడు వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదాకా అరుస్తూనే ఉంటానని మాట కూడా ఇచ్చింది. ఆ తర్వాత రంగడూ కుక్కా మందని తోలుకుని వాగువైపు మేతకి వెళ్లిపోయారు. దొడ్లో తల్లీ పిల్లా మిగిలారు.

కస్తూరి పడుకుంది. పడుకుందన్న మాటే గానీ నిమిషానికోసారి లేస్తోంది. బిడ్డ ఇంత అవస్థ పడుతుంటే కాళ్లు ముడుచుకుని కూర్చోవడమేం వైద్యమని దానికి లోపల ఒకటే పీకులాట.

సరిగ్గా అప్పుడే గుంటనక్క గవరయ్య దడి పక్కగా పోతూ తుమ్ము విని ఆగాడు. చెల్లెమ్మా అని పలకరించి, పాపం పిల్లకేమైందని అడిగాడు. తన తాత ఈ కొండకంతటికీ వైద్యుడన్నాడు. రంగడు ఎప్పుడొస్తాడు, కుక్క వెంట వెళ్లిందా, గేదె ఎంత దూరం పోయిందని ఒక్కొక్కటే ఆరా తీశాడు. అన్నీ విని తల అడ్డంగా ఊపాడు.

"ఇది మామూలు జలుబు కాదు చెల్లెమ్మా. కొండమీద నల్లరాయి పక్కన తిప్పతీగ ఉంది. దాని చిగుళ్లు కన్నతల్లే కోసుకురావాలి. నువ్వొచ్చేదాకా పిల్లని ఈ దడి సందు దగ్గర పెట్టు, గాలి తగిలి ముక్కు వదులుతుంది."

చెయ్యడానికి ఏదో ఒకటి దొరికినందుకే కస్తూరికి ప్రాణం లేచొచ్చింది. పిల్లని సందు దగ్గరికి నెట్టి, దడి దూకి కొండెక్కడం మొదలుపెట్టింది.

సగం దూరం వెళ్లేసరికి పొదుగు బరువెక్కి సలపరించింది. పొద్దుట్నుంచీ బిడ్డ సరిగ్గా తాగలేదని గుర్తొచ్చి ఆగింది. పాలు తాగుతోందా అని నల్లమ్మ అందరికంటే ముందు అడిగింది. గవరయ్య ఆ మాటే ఎత్తలేదు. అతను అడిగినవన్నీ దొడ్లో ఎవరున్నారు, ఎప్పుడొస్తారు అనే. కస్తూరి వెనక్కి తిరిగి రాళ్లమీద జారుతూ పరిగెత్తింది.

వచ్చేసరికి నక్క తల దడి సందులో ఉంది. ఒంటిని లోపలికి లాక్కోవడానికి వెనక కాళ్లతో నేలని తన్నుతున్నాడు. అవతల పిల్ల తుమ్ముతూ వెనక్కి జరుగుతోంది. అరిస్తే ఈ పక్కన వినేవాళ్లు లేరని కస్తూరికి తెలుసు. ఆయాసాన్ని బలవంతాన అణుచుకుని మెల్లగా పలికింది.

"అన్నయ్యా, పనిలో ఉన్నట్టున్నావు. మా కుక్కకీ జలుబు చేసిందట. దారిలో కనబడితే మంచి వైద్యుడున్నాడని చెప్పాను. నా వెనకే వస్తోంది, కాస్త చూసి పంపు."

గవరయ్య వెనక్కి తిరిగి చూద్దామంటే ముళ్లు తిరగనివ్వలేదు. కుక్క ఎంత దూరంలో ఉందని అడిగాడు. మలుపు దాటిందని కస్తూరి చెప్పింది. అంతే, నక్క ఒక్క గుంజు గుంజుకున్నాడు. చెవి చీలింది, మెడమీది బొచ్చంతా కంపకే అంటుకుపోయింది. వైద్యుడుగారు మళ్లీ కనిపిస్తే ఒట్టు. కుక్క అప్పటికింకా వాగు ఒడ్డునే ఉంది.

సాయంత్రం నల్లమ్మ వచ్చాక జరిగిందంతా కస్తూరి తలొంచుకుని చెప్పింది. నల్లమ్మ వెళ్లి ఆ సందుకి అడ్డంగా పడుకుంది.

తర్వాతి రోజుల్లోనూ పిల్ల తుమ్మినప్పుడల్లా కస్తూరి కాళ్లు లేవబోయేవి. వాటిని ముడుచుకుని ముక్కు నాకేది, రెండు గుక్కలు పట్టేది, మళ్లీ పడుకోబెట్టుకునేది. అయిదో రోజు పొద్దున పిల్ల ఊపిరి కోసం ఆగకుండా తాగుతూ పొదుగుని ఎంత గట్టిగా కుమ్మిందంటే, తల్లి తూలి పడబోయింది.

ఒంట్లో బాగాలేని బిడ్డ పక్కన కుదురుగా కూర్చోవడం కూడా వైద్యమే.