కోదండపాణి చెవిలో మోత

"నా చెవిలో మోగుతున్నది ఓంకారమా, రోగమా? మీరే తేల్చాలమ్మా" అని కోదండపాణి ఒక ఆదివారం అడిగాడు. మేం ఆరుగురం కామాక్షమ్మగారి ముందు చాప మీద కూర్చుని ఉన్నాం. రాజమండ్రిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఆవిడ మాకు వేదాంతం చెబుతారు. ఎవరినీ కాళ్ళకు దండం పెట్టనివ్వరు. ఎవరైనా వంగితే గబుక్కున కాళ్ళు కుచ్చిళ్ళలోకి లాక్కుంటారు.

కోదండపాణి నిరుడు పొట్ట తగ్గించే ఆపరేషన్ చేయించుకుని నూట ముప్పై రెండు కిలోల నుంచి ఎనభై నాలుగుకి దిగాడు. దిగాక ఈ మోత మొదలైంది. మాలో ఒకాయన అది సాధకులకు మాత్రమే వినిపించే అనాహత నాదమని తేల్చేశాడు. అంతే, మనవాడు మందులు మానేశాడు. జన్మంతా వాడమని డాక్టరు రాసిన విటమిన్ బిళ్ళలు వేసుకుంటే ఆ మోత ఎక్కడ పోతుందోనని భయం. అరికాళ్ళు మొద్దుబారి గడప దాటేటప్పుడు తూలుతున్నా సరే, కళ్ళు మూసుకుని వింటూ కూర్చునేవాడు. మేమూ తక్కువ తినలేదు, అతని పక్కన చోటు కోసం పోటీ పడ్డాం. నిజం చెప్పాలంటే నాకు అసూయగానే ఉండేది.

అమ్మగారు "నాకు సాష్టాంగం పెట్టు" అన్నారు.

మేం తెల్లబోయాం. అతను బోర్లా పడుకుని నుదురు నేలకి ఆనించాడు. అంతలోనే ఉలిక్కిపడి, "ఆగిపోయిందమ్మా!" అన్నాడు. లేవమన్నారు. కాసేపటికి మళ్ళీ మొదలైంది. మళ్ళీ పెట్టమన్నారు, మళ్ళీ ఆగింది. అమ్మగారి పాదాల మహిమ అని ఎవరో గొణిగితే నేనూ చెంపలు వేసుకున్నాను. కోదండపాణి మాత్రం అయోమయంగా ఆవిడనే చూస్తున్నాడు. గురువుకి మొక్కితే దేవుడు వెళ్ళిపోవడమేమిటో అతనికీ అంతుబట్టలేదు, మాకూ అంతుబట్టలేదు.

"ఇప్పుడు ఆ మూలనున్న గ్యాస్ సిలిండరుకి పెట్టు" అన్నారావిడ.

ఎవరూ నవ్వలేదు. అతను పెట్టాడు. "దీనికీ ఆగిందమ్మా" అన్నాడు నేల మీది నుంచే, పీల గొంతుతో.

"ఒళ్ళంతా తగ్గింది కదా నాయనా, చెవి లోపలా ఏదో తగ్గుంటుంది. తల వాలిస్తే సర్దుకుంటోంది. రేపు పొద్దున్నే చెవి డాక్టరుకి చూపించు. బిళ్ళలు మాత్రం ఇవాళే మొదలెట్టు."

అతను లేచి కూర్చున్నాడు. కళ్ళనీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"చిన్నప్పట్నుంచీ నన్ను చూసి నవ్వినవాళ్ళేనమ్మా అందరూ. నలభై ఎనిమిది కిలోలు పోయాక నాకంటూ వచ్చింది ఇదొక్కటే. ఇది కూడా పోతే నాలో ఇంకేం మిగుల్తుందండీ?"

అనాహత నాదమన్న పెద్దమనిషి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అమ్మగారు అతని తల మీద చెయ్యి వేశారు. "ఆ మిగిలినవాణ్ణి వచ్చే ఆదివారం తీసుకురా. నాకు పని వాడితోనే."