గామా గదిలో ఇంకొకరు

"ఇక నావల్ల కాదు మాస్టారూ. ఆ కింది గదిలో ఎవరో ఉన్నారు," అన్నాడు శేషఫణి.

భౌతికశాస్త్రం చెప్పే యిర్మీయా గారు టీ కప్పు కింద పెట్టి శిష్యుణ్ణి చూశారు. భుజాన బట్టల సంచీ ఉంది. పరిశోధన మానేసి మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయేలా ఉన్నాడు.

వాడి ప్రయోగం చెప్పుకోడానికి చిన్నదే. బల్లకు బిగించిన సన్నని ఊచ చివర చిటికెడు పదార్థం. అందులోని ఇనుప కేంద్రకాలు గామా కిరణాలు వదులుతుంటాయి. ఎదురుగా పల్చటి ఇనుప రేకు. అందులోనివీ అచ్చం అలాంటి కేంద్రకాలే. తమకు సరిగ్గా సరిపోయే కిరణం వస్తే మింగేసి, మరుక్షణం ఎటో ఒక పక్కకు ఉమ్మేస్తాయి. అప్పుడు రేకు వెనక, కిరణాలను లెక్కపెట్టే కౌంటరుకు చేరేవి తగ్గి, దాని టిక్కులు పలచబడాలి. కాకపోతే ఇచ్చేదీ పుచ్చుకునేదీ రెండూ కదలకూడదు; పిసరంత అదిరినా కిరణం సరిపోదు, రేకు దాన్ని మింగదు. ఫణి బిగించని మర లేదు. అయినా టిక్కులు తగ్గవు.

"నేను లేనప్పుడు తగ్గుతాయి మాస్టారూ. తలుపేసి బయట నుంచుంటే లోపల సద్దుమణుగుతుంది. వెళ్లి కూర్చుంటానా, మళ్లీ మొదలు. ఆ కేంద్రకాలు నన్ను చూస్తున్నాయి."

చదువుకున్నవాడు అనాల్సిన మాట కాదని వాడికీ తెలుసు, పాపం.

"పద," అన్నారు మాస్టారు.

మెట్లు దిగి తలుపు బయట ఆగారు. లోపలినుంచి ఆగి ఆగి ఒక్కో టిక్కు వినిపిస్తోంది, ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టు. తలుపు తీశారు. కిటికీల్లేని గది, సీసపు ఇటుకలు, చలి. మనిషి జాడ లేదు.

"రోజూలాగే కూర్చో."

ఫణి సంచీ కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. బల్ల అడ్డకర్ర మీద పాదం ఆన్చి కౌంటరు వైపు చూశాడు. కాసేపటికి టిక్కులు చిక్కబడ్డాయి. చూస్తుండగానే రేకుల కప్పు మీద వడగళ్లు పడుతున్నంత జోరైంది.

"చూశారా!" అన్నాడు. వాడి మొహంలో నెత్తురు లేదు.

మాస్టారు పక్కనే ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నారు. వాడి మోకాలి మీద అరచెయ్యి వేసి గట్టిగా నొక్కి పట్టుకున్నారు.

టిక్కులు పలచబడ్డాయి. ఒక్కొక్కటే తప్పుకున్నాయి, గది మళ్లీ ఊపిరి బిగబట్టింది.

ఆయన చెయ్యి తీశారు. మోకాలు దానంతటదే పైకీ కిందికీ ఊగసాగింది. ఆ ఊపుకు అడ్డకర్ర అదిరింది, బల్ల అదిరింది, ఊచ కొస కంటికి ఆననంతగా అదిరింది. వడగళ్లు మళ్లీ మొదలయ్యాయి.

ఫణి తన కాలి వైపు, ఎవరి కాలునో చూసినట్టు చూశాడు.

"దీన్ని... నేను ఊపడం లేదు మాస్టారూ."

"ఎవరో ఉన్నారన్నావుగా," అన్నారాయన లేస్తూ. "నిజమే చెప్పావు."

తలుపు వేసి, బయట మొదటి మెట్టు మీదే నిలబడి చెవి ఒగ్గారు. చాలాసేపు వడగళ్లే. తర్వాత అవి మెల్లగా సన్నగిల్లి, ఆగి ఆగి ఒక్కో టిక్కు వినిపించసాగింది.

ఈసారి గదిలో ఫణి ఉన్నాడు.