పేరు రాయని అర్జీలు

షేక్షావలికి వచ్చిన కష్టం ఏమిటంటే, పదో తరగతి తెలుగులో తప్పిన ఆరుగురు పిల్లలు అతని చేతిలో పడ్డారు. వాళ్లు నోరు తెరిస్తే ఆపడం ఎవరి తరమూ కాదు. కాగితం ముందు పెడితే మాత్రం నాలుగు లైన్లు రాసి, పెన్నుకు మూత పెట్టి, బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు. ఇంకా రాయండ్రా అంటే అయిపోయింది సార్ అనేవాళ్లు.

పత్తికొండ అవతల ఒక గుట్ట మీద లాల్షావలి దర్గా ఉంది. దాన్ని చూసుకునే పెద్దాయన బుడేసా హజ్రత్. షేక్షావలి బీఈడీ చదివి, డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ, ఆ ఎదురుచూపుల్లోనే హజ్రత్‌కు శిష్యుడయ్యాడు. పొద్దున్నే దర్గా ఊడ్చేవాడు. ఆ తర్వాత వరండాలో పిల్లలకు పైసా తీసుకోకుండా చదువు చెప్పేవాడు. హజ్రత్ దగ్గర వినయం నేర్చుకుందామని వచ్చి మూడేళ్లయింది. ఇప్పుడు వినయంలో తనను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడని అతనికి గట్టి నమ్మకం.

ఆ ఆరుగురిలో సాలమ్మ సంగతి వేరు. ఆమె నాయన ఈరన్న ఏటా సుగ్గికి పోతాడు. సుగ్గి అంటే ఊరు విడిచి గుంటూరు వైపు పోయి, రెండు మూడు నెలలు అక్కడే గుడిసె వేసుకుని మిరపకాయలు కోయడం. జూన్ పరీక్షలో కూడా తప్పితే ఈసారి కూతుర్ని కూడా వెంట తీసుకుపోతానని ఆయన చెప్పేశాడు. సాలమ్మకేమో నర్సు కావాలని ఉంది. అందుకు ముందు పదో తరగతి దాటాలి కదా. వాళ్లమ్మ గుట్టెక్కి వచ్చి, నా బిడ్డ భారం నీదే సార్ అని షేక్షావలి చేతులు పట్టుకుంది. సార్ అన్న ఆ ఒక్క మాటతో అతనికి రెండు రోజులు ఆకలి వేయలేదు.

ఇక ఫోన్ పట్టుకుని వెతికాడు. రాత రాని పిల్లల కోసం ఎన్ని ఉన్నాయో, అన్నీ ఉచితమే. మాట్లాడితే రాసి పెట్టేది ఒకటి. రాసిందాన్ని చదివి వినిపించేది ఒకటి. తప్పులు దిద్దేది ఒకటి. నాలుగు లైన్లు వేస్తే నలభై లైన్లు చేసి ఇచ్చేది ఇంకొకటి. ఇన్నాళ్లూ ఇవన్నీ జేబులో పెట్టుకుని తిరిగానా అని నెత్తి కొట్టుకున్నాడు.

మొదట మాట్లాడితే రాసేదాన్ని వాళ్లలో మద్దిలేటి అనేవాడి చేతికిచ్చి, చెట్ల పెంపకం మీద వ్యాసం చెప్పరా అన్నాడు. మద్దిలేటి గొంతు సవరించుకుని చెప్పాడు. వరండా పక్కనే టీకొట్టు ఉందని ఇద్దరికీ గుర్తు లేదు. చెట్లు మనకు చల్లని నీడనిస్తాయి, రెండు టీలు, ఒకటి చక్కెర లేకుండా, కావున చెట్లను నరకరాదు అని వచ్చింది వ్యాసం. షేక్షావలి తల పట్టుకున్నాడు. వాళ్లు నిజంగానే రెండు టీలు అడిగారు సార్ అని మద్దిలేటి దాన్ని వెనకేసుకొచ్చాడు.

చదివి వినిపించేదాన్ని అతను తెరిచి కూడా చూడలేదు. రాసినవాళ్లకే మళ్లీ చదివి వినిపించడం దేనికని పక్కన పెట్టాడు. నాలుగును నలభై చేసేది మాత్రం అతని మనసు దోచుకుంది. ఆరుగురి వ్యాసాలూ అందులో వేస్తే ఒక్కొక్కటి రెండు పేజీలై బయటికొచ్చింది. ఎక్కడా తప్పు లేదు. అవి పట్టుకుని హజ్రత్ దగ్గరికి వెళ్లి, వినయంగా, అంటే నవ్వు దాచుకుంటూ, ముందు పెట్టాడు.

హజ్రత్ పాత గొడుగుకు ఊచ కడుతున్నాడు. కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. బాగుంది నాయనా అన్నాడు. వచ్చే గురువారం పిల్లలందరినీ లాల్షావలికి తలా ఒక అర్జీ రాసుకుని రమ్మను, నువ్వూ ఒకటి రాయి అని చెప్పి మళ్లీ గొడుగు అందుకున్నాడు.

ఆ దర్గాలో అర్జీల పద్ధతి ఒకటుంది. కోరిక ఉన్నవాళ్లు చీటీ మీద రాసి తెస్తారు. దాని మీద పేరు రాయకూడదు. అడిగేదెవరో పైవాడికి తెలియదా అని అక్కడివాళ్ల లెక్క. గురువారం మధ్యాహ్నం నమాజ్ అయ్యాక హజ్రత్ ఒక్కో చీటీ సమాధి ముందు పైకి చదువుతాడు. చదివి, కూర్చున్నవాళ్లలో సరిగ్గా ఆ మనిషి వైపే చెయ్యి చాపుతాడు. జ్వరమైతే దువా చదివిన నీళ్లు, చదువుకైతే కలకండ, పశువుకైతే మెడకు కట్టే నల్లతాడు, ఇంట్లో గొడవలుంటే గుప్పెడు ఉప్పు, పెళ్లి కుదరాలంటే మూరెడు మల్లెపూలు. నలభై ఏళ్లుగా ఆ చెయ్యి ఒక్కసారి కూడా దారి తప్పలేదని చెప్పుకుంటారు.

బుధవారం నాడు పిల్లల చీటీలు చేతికొచ్చేసరికి షేక్షావలికి పై ప్రాణాలు పైనే పోయాయి. మద్దిలేటి రాసింది ఇది: "మా బర్రె పాలు చేపడం లేదు. దూడ చచ్చిపోయింది. బర్రె రోజూ గుంజ దగ్గర వాసన చూస్తాది. పాలు ఇయ్యకపోయినా పర్వాలేదు, అది అట్ల చూడకుండా ఉండాల." ఖాజా అనే పిల్లవాడు, లెక్కల సారు తన వైపు చూస్తే ఏడో ఎక్కం మర్చిపోతున్నానని రాశాడు. సాలమ్మది చూస్తే ఇంతే:

"మా నాయన నన్ను సుగ్గికి తీసుకపోతా అన్నాడు. నాకు పోవాలని లేదు. నాకు నర్సు కావాలని ఉంది. ఇట్లు."

పేరు రాయకూడదన్నారని ఇట్లు దగ్గర ఆపేసింది పిల్ల.

ఇవి హజ్రత్ నోట పలికితే తన పరువేం కావాలి? షేక్షావలి వాటిని ఫోన్‌లో వేశాడు. తన అర్జీ కూడా, పిల్లలు పాస్ కావాలి, నాకు పేరు రావాలి అని కొట్టి, అందులోనే వేశాడు. ఏడూ రెండేసి పేజీలయ్యాయి. ఊళ్లోకి వెళ్లి ప్రింటు తీయించి, అసలు చీటీలు జేబులో కుక్కుకున్నాడు.

గురువారం హజ్రత్ చదవడం మొదలుపెట్టాడు. మీ దివ్య సన్నిధికి సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా అని ఒకటి. రెండోదీ అంతే. మూడోదాంట్లో ఉజ్వల భవిష్యత్తు, నాలుగోదాంట్లో సానుకూల మార్పు, ఐదోదాంట్లో మళ్లీ ఉజ్వల భవిష్యత్తు. బర్రె గానీ, ఏడో ఎక్కం గానీ, సుగ్గి గానీ ఎక్కడా వినబడలేదు. హజ్రత్ చదివి, కళ్లజోడు తుడుచుకుని, ఆ ఏడు ముఖాలూ చూసి, తోచినవాళ్లకు తోచింది ఇచ్చుకుంటూ పోయాడు. మద్దిలేటికి ఉప్పు వచ్చింది. మా ఇంట్లో ఎవరూ కొట్టుకోవడం లేదే అనుకుంటూ జేబులో పోసుకున్నాడు. ఖాజాకు పశువు మెడకు కట్టే నల్లతాడు వచ్చింది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది లెక్కల సారు మెడకు కట్టాలా తాతా అని అడిగాడు. షేక్షావలికి మల్లెపూలు వచ్చాయి. వెనక ఆడపిల్లలు నోట్లో చున్నీలు కుక్కుకున్నారు.

సాలమ్మ చేతికి జ్వరం నీళ్లు ఇచ్చాడు హజ్రత్. ఆ పిల్ల గ్లాసు వైపు చూసింది, హజ్రత్ వైపు చూసింది. పెద్దాయన ఇచ్చాడు కదా అని గటగటా తాగేసింది. తాగాక మెల్లగా అంది.

"నాకు జ్వరం లేదు తాతా."

కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కింద పడనివ్వలేదు. షేక్షావలికి గుండె చివుక్కుమంది. చేతిలో మల్లెపూలు పట్టుకునే లేచి, హజ్రత్, అన్నీ తారుమారు చేశారే అన్నాడు.

"ఏడూ ఒక్కరే రాసినట్టుంది నాయనా," అన్నాడు హజ్రత్. "ఆ ఒక్కరెవరో నాకు తెలియదు."

షేక్షావలి చెయ్యి జేబు మీదికి పోయింది. హజ్రత్ అతని జేబు వైపు చూశాడు. పిల్లలు చేత్తో రాసినవి ఉన్నాయా అని అడిగాడు. నా కళ్లజోడు మసకేసింది, నీ ఫోన్ చదువుతుందటగా, ఈ పిల్లది చదివించు అన్నాడు. షేక్షావలి సాలమ్మ చీటీ తీసి, ఉన్నది ఉన్నట్టు ఎక్కించి, తను తెరిచి చూడని ఆ చదివేదాన్ని నొక్కాడు.

బస్టాండులో బస్సు వచ్చిందని చెప్పే ఆవిడ గొంతు లాంటి గొంతు. సుఖమూ లేదు, దుఃఖమూ లేదు. మా నాయన నన్ను సుగ్గికి తీసుకపోతా అన్నాడు అని మొదలుపెట్టి, ఇట్లు దగ్గర ఆగిపోయింది. ఇట్లు ఎవరో చెబుతుందని అందరూ కాసేపు ఎదురుచూశారు. ఆవిడ చెప్పలేదు. మద్దిలేటి పకపకా నవ్వాడు. సాలమ్మ నవ్వలేదు. ఇంకోసారి పెట్టమంది. రెండోసారి విని, కనుబొమలు ముడిచింది.

"ఇదేంది తాతా, ఈమె చదువుతాంటే మా నాయన చెడ్డోడైనట్టుంది."

హజ్రత్ షేక్షావలి జేబులోంచి పెన్ను లాక్కుని, మూత తీసి, సాలమ్మ ముందు పెట్టాడు.

ఆ పిల్ల అక్కడే నేల మీద బోర్లా పడుకుని రాయడం మొదలుపెట్టింది. నాలుగు లైన్లు రాయడం, షేక్షావలి చేత ఎక్కించడం, వినడం, కాదని మళ్లీ రాయడం. ఐదుసార్లు చదివించింది. పాపం ఆ ఫోన్ ఆవిడకు విసుగు లేదు. మధ్యలో షేక్షావలికి ఒక తప్పు కనబడి, వేలు దాని మీదికి పోయింది. అది తర్వాతలే అని హజ్రత్ ఆ వేలు పట్టుకుని వెనక్కి తీశాడు. చివరికి చీటీ రెండు వైపులా నిండింది. అందులో ఇలా ఉంది:

"మా నాయనకు నడుము పోయింది. ఒంగి కాయలు కోస్తే మళ్లీ లేవలేడు. గుంజ పట్టుకుని లేస్తాడు. నేను పోతే రెండు చేతులు ఎక్కువైతాయని రమ్మంటాడు, కోపంతో కాదు. నేను నర్సునైతే ఆ నడుముకు ఏం చెయ్యాల్నో నాకు తెలుస్తాది. అంతదాకా ఓపిక పట్టమని ఆయనకు ఎవరన్నా చెప్పాల. నేను చెప్తే ఏడుపొస్తాది."

హజ్రత్ కలకండ తీసి ఆమె చేతిలో పెట్టాడు. చీటీ మాత్రం సమాధి దగ్గర పెట్టలేదు. మడిచి ఆమెకే తిరిగిచ్చి, ఇది మీ ఇంటికి చేరాల్సింది అన్నాడు. మా నాయనకు చదవను రాదు కదా అంది సాలమ్మ. హజ్రత్ షేక్షావలి ఫోన్ తీసుకుని, ఆ పిల్ల చేతిలో పెట్టేశాడు. షేక్షావలి ప్రాణం ఉసూరుమంది. మూడు నెలల క్రితం వాయిదాల మీద కొన్న ఫోన్ అది.

మరుసటి గురువారం నడుం మీద చెయ్యి వేసుకుని ఈరన్న గుట్టెక్కాడు. ఫోన్‌ను తువ్వాలులో చుట్టి భద్రంగా తెచ్చాడు. నా నడుము సంగతి అంత వివరంగా చెప్పిన ఆయమ్మ ఎవరు సామీ అని అడిగాడు. అది చదివింది ఫోన్, చెప్పింది మీ అమ్మాయి అన్నాడు హజ్రత్. ఈరన్న చాలాసేపు తువ్వాలు అంచు నలుపుతూ కూర్చున్నాడు. పరీక్ష పోతే ఇంకోసారి రాయనీ, పోతే మళ్లీ రాయనీ, సుగ్గికి నేనొక్కణ్ణే పోతాలే అన్నాడు. తర్వాత తనకూ ఒక అర్జీ ఉందని, రాయను రాదని సిగ్గుపడ్డాడు. షేక్షావలి మాట్లాడితే రాసేదాన్ని తెరిచి, ఆయన నోటి దగ్గర పెట్టాడు.

ఆ రోజు హజ్రత్ ముందు చేతిరాత చీటీలు కుప్పపడ్డాయి. ఆయన చదవడం, చెయ్యి చాపడం, ఒక్కటీ దారి తప్పలేదు. మద్దిలేటి బర్రెకు తాడు దొరికింది. ఈరన్న అర్జీ ఫోన్‌లోంచే చదివాడు. నా బిడ్డ రాత బాగుపడాలి, రెండు టీలు, ఒకటి చక్కెర లేకుండా, నా నడుము ఎట్లయినా కానీ అని ఉంది. షేక్షావలి వేలు ఆ టీల వరకు వెళ్లి ఆగింది. దిద్దలేదు. హజ్రత్ ఆ రెండు టీలూ తెప్పించి, చక్కెర లేనిది తను తీసుకుని, రెండోది ఈరన్నకు ఇచ్చాడు.

అడుగున ఒక చీటీ మిగిలింది. నాలుగే లైన్లు. కొట్టివేతలు మాత్రం పది ఉన్నాయి.

"పిల్లల మాటలు నాకు నామోషీ అనిపించాయి. సాలమ్మ జ్వరం నీళ్లు తాగుతుంటే చూడలేకపోయాను. డీఎస్సీ రాకపోతే నన్ను ఇంకెవరూ సార్ అనరేమోనని భయంగా ఉంది. ఇట్లు."

పిల్లలు ఆరుగురూ ఒక్కసారిగా తలలు తిప్పి స్తంభం వెనక్కి చూశారు. షేక్షావలి అక్కడ పెన్నుకు మూత పెట్టుకుని, బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు.

హజ్రత్ లేచి వెళ్లాడు. కలకండ అతని నోట్లోనే వేశాడు. ఆ పెన్ను తీసుకుని, మూత తీసి, అతని ముందు పెట్టాడు.